ఎరుపు లేని యాంటెన్నా

ఆకాశాన్ని వినడానికి కట్టిన మన కొత్త రేడియో టెలిస్కోపు తొలి ఏడాదిలో ఒక్క సంకేతాన్ని కూడా అందుకోలేదని ప్రకటించడానికి యాజమాన్యం అమితంగా సంతోషిస్తున్నది. ఇంత ప్రశాంతమైన టెలిస్కోపు ప్రపంచంలో మరొకటి లేదు.

ఈ ఘనతలో సింహభాగం, సంస్థలో అందరూ మూకుడమ్మ అని పిలిచే ఇంజినీరుది. ఏళ్ల తరబడి ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని యాంటెన్నా కోసం ఒకే మూకుడును లోతు పెంచుతూ, తగ్గిస్తూ గీసింది. నక్షత్రాలు పుట్టకముందే బయల్దేరిన సన్నని సంకేతమొకటి ఇంకా దారిలోనే ఉందనీ, దాని అల ఒక్కొక్కటి మంచం పొడవుంటుందనీ, తన ఇనుప వల మూకుట్లో అది పడక మానదనీ ఆవిడ నమ్మకం. పిచ్చిది, ఆ ధ్యాసలో తన పెళ్లిరోజు కూడా మరిచిపోయేది.

అనుమతి సంఘం ముందు తెర మీద బొమ్మ వేసింది. చుట్టూ నీలం. మధ్యలో, అలలన్నీ వచ్చి చేరే చోట, నిప్పుకణికలాంటి ఎరుపు. అధ్యక్షులవారు ఉలిక్కిపడ్డారు.

“ఏమిటమ్మా ఆ ఎరుపు? ప్రమాదమా?”

“కాదండీ. సంకేతం అక్కడ బాగా పోగవుతోందన్నమాట. ఎంత ఎర్రగా ఉంటే అంత మంచిది.”

“ఎరుపు మంచిదేమిటమ్మా! నా ఇన్నేళ్ల సర్వీసులో ఎర్రగీత పడ్డ కాగితం మీద సంతకం పెట్టి ఎరగను.”

సభ్యులు తలలూపారు. అందుకోసమే వారు ప్రయాణ భత్యంతో సహా వచ్చి ఉన్నారు.

“పోనీ, రంగు మార్చేస్తానండీ. నిమిషం పని.”

అధ్యక్షులవారి ముఖం జేవురించింది. ఆ ఎరుపుకు మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. “రంగు మార్చి సంఘాన్ని మోసం చేద్దామనా? ఇది నిజాయితీ గల సంస్థ! మార్చాల్సింది రంగు కాదు, యాంటెన్నా!”

మూకుడమ్మ ఇంటికెళ్లి అత్తగారి ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, “ముందు కట్టనీ, తర్వాత వంచుకోవచ్చులే” అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇలా సర్దిచెప్పుకోవడం పాఠకులకూ కొత్త కాదు. మూకుడు లోతు కాస్త తగ్గించింది, ఎరుపు నారింజయింది. ఇంకాస్త తగ్గించింది, పసుపయింది. చివరికి మూకుడు పీటలా చదునైపోయి, బొమ్మంతా నీలమయింది. సంఘం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

“ఏ అలనూ నొప్పించని యాంటెన్నా ఇది!” అని ప్రారంభోత్సవంలో అధ్యక్షులవారు గద్గద స్వరంతో అన్నారు.

ఏడాది గడిచాక, ఇక వంచుతానని ఆవిడ అడిగింది. “నిక్షేపంలా ఉన్నదాన్ని ఎందుకమ్మా కెలుకుతావు?” అన్నారాయన.

“ఏమీ వినపడనిదాన్ని అంత ఎత్తున ఎందుకు పెట్టారే?” అని అత్తగారు అడిగింది.

“వింటున్నట్టు కనపడడానికి, అత్తయ్యా.”

ఒళ్లు మండి, మర్నాడే మూకుడమ్మ ప్రజా ఫిర్యాదుల కార్యాలయానికి వెళ్లింది. గుమాస్తా ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, “చెప్పండమ్మా, వింటున్నాం” అన్నాడు. కిటికీలోంచి పక్క మేడ కనిపిస్తోంది. దాని మీద పీటలాంటి చదునైన ఇనుప వల మెరుస్తోంది.

“మాదేనండీ. కొత్తగా పెట్టించాం,” అన్నాడతను గర్వంగా. “అప్పట్నుంచి ఒక్క ఫిర్యాదు కూడా అందలేదు.”

మూకుడమ్మ తెచ్చిన ఫిర్యాదు కాగితాన్ని మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది. అది ఎంత బాగా పనిచేస్తుందో ఆవిడకన్నా ఎవరికి తెలుసు?

ఇళ్లకు సరిపడే చిన్న సైజు కూడా తయారైందని భోగట్టా. మీరు ప్రత్యేకంగా తెప్పించుకోనక్కర్లేదు. ఇంట్లోవాళ్లు మీతో ఏమీ చెప్పుకోవడం మానేసి ఉంటే, మీది బిగించడం అయిపోయినట్టే.