ఆకుముడత మీద నా సమీక్ష

పుస్తకం చదవకుండా సమీక్షించడమే సాహిత్యానికి మనం చేయగల అసలైన సేవ!

మొహం అలా పెట్టకండి. ఈ ఎనభై నాలుగు మార్చి నెలలో ఆదివారానికి ఏడు చొప్పున ఇరవై ఎనిమిది పుస్తకాలు సమీక్షించిన అనుభవంతో చెబుతున్నాను. మీరు నెలకి ఒక్కటైనా చదివారా? లేదు కదా! మరి నన్నేమంటారు?

మా పత్రికలో ఒక మూల చిన్న అక్షరాల్లో 'సమీక్షకు రెండు ప్రతులు పంపాలి' అని ఉంటుంది. ఎందుకు రెండు అని ఎప్పుడైనా ఆలోచించారా? ఒకటి ఎడిటరు గారు చదవకుండా ఉంచుకోవడానికి, రెండోది నేను చదవకుండా ఉంచుకోవడానికి. చదివేవాళ్ళమే అయితే ఒక్కటి చాలదూ? ఒకరి తర్వాత ఒకరం చదువుకోమూ?

చదివితే ఏమవుతుందో నాకు తెలియకపోలేదు. గుంటూరులో లెక్చరరుగా చేరిన కొత్తలో ఒక కవిత్వ సంపుటి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, అనిపించింది అనిపించినట్టు రాశాను. ఆ కవి గారు మా స్టాఫ్ రూములోకి వచ్చి, అందరి ముందూ, "ఏమయ్యా, నీకు నేనేం ద్రోహం చేశాను?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనకి బీపీ, నాకు తలవంపులు. అదే చదవకపోతే? కవి సంతోషిస్తాడు. పాఠకుడు ఎలాగూ కొనడు. నేను మధ్యాహ్నం హాయిగా ఒక కునుకు తీస్తాను. ఇంతమందిని ఒకేసారి సుఖపెట్టే పని ఇంకోటి ఉంటే చెప్పండి!

అలాగని చదవకుండా రాయడం తేలికనుకునేరు. దానికో పద్ధతుంది. ముందు అట్ట చూడాలి. తర్వాత అంకితం. తల్లిదండ్రులకి అంకితమిస్తే 'సంస్కారవంతుడైన రచయిత', భార్యకిస్తే 'కుటుంబ విలువలు తెలిసిన రచయిత'. ముందుమాట చదవక్కర్లేదు. అది రాసినాయన కూడా పుస్తకం చదవలేదు. ఆ సంగతి నాకెలా తెలుసంటారా? సగం ముందుమాటలు నేనే రాస్తాను! ఆ తర్వాత మధ్యలో ఎక్కడో ఒకచోట తెరిచి, కంటబడ్డ వాక్యం పట్టుకుని రెండు ముక్కలు పొగడాలి. ఆఖర్న 'అక్కడక్కడా అచ్చుతప్పులున్నా ప్రతి ఇంటా ఉండదగ్గ పుస్తకం' అని ముగించాలి. అచ్చుతప్పుల్లేని తెలుగు పుస్తకం నేనింకా చూడలేదు కాబట్టి ఆ మాట వమ్ముకాదు.

ప్రతి ఇంటా ఉండదగ్గవని ఉత్తినే అనలేదు. మా ఇంట్లో ఉన్నాయి. మా ఆవిడ సుబ్బలక్ష్మి మేడ మీద పాత చీర పరిచి మిరపకాయలు ఎండబోసింది. చీర గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు పెట్టింది. "ఇది ఆగట్లేదండీ, ఇంకోటివ్వండి" అంటే కవిత్వం తీసేసి పరిశోధన గ్రంథం ఇచ్చాను. గుంటూరు ఎండకి అన్నాళ్ళు తట్టుకున్న రచన అది. సమీక్షలో ఆ మాట రాయలేకపోయానని ఇప్పటికీ బాధగా ఉంది.

ఇక ఆఖరిది, ఇరవై ఎనిమిదో పుస్తకం సంగతి. 'పెరటి గడియ' అని ఒక నవల. రాసినావిడ వెంకాయమ్మ గారు, ఒంగోలు దగ్గర పల్లెలో రిటైరైన పంతులమ్మ. ఆవిడకి ఇదే మొదటి పుస్తకం. పద్ధతి ప్రకారం మధ్యలో తెరిచాను. నలభై తొమ్మిదో పేజీ. 'ఆకులు పైకి ముడుచుకొని, మొక్క గిడసబారి, పూత రాలిపోవును' అని ఉంది. ఆహా! వెంటనే కలం తీశాను. 'ఆకుముడత అనే ప్రతీక ద్వారా పల్లెటూరి స్త్రీ మనసు ముడుచుకుపోవడాన్ని రచయిత్రి అద్భుతంగా ధ్వనింపజేశారు. తెలుగు నవలకి ఈ ప్రతీక కొత్త' అని రాశాను. ఆదివారం అచ్చయింది. మంగళవారానికల్లా ఎడిటరు గారు మెచ్చుకుంటూ కార్డు రాశారు.

బుధవారం పొద్దున్నే వెంకాయమ్మ గారు మా గుమ్మంలో ఉన్నారు. కృతజ్ఞతలు చెప్పడానికొచ్చారనుకుని సుబ్బలక్ష్మిని కాఫీ పెట్టమన్నాను.

"అయ్యా, ఆకుముడత నేను రాయలేదండి" అన్నారావిడ కూర్చోకుండానే.

జరిగిందేమిటంటే, ఆ నవల వేసిన ప్రెస్సులోనే మిరప తెగుళ్ళ మీద రైతుల కోసం ఒక చిన్న పుస్తకం కూడా వేస్తున్నారట. పదహారు పేజీలు కలిపి ఒక ఫారం అంటారు కదా, కుట్టేటప్పుడు నవల ఫారం ఒకటి పక్కన పడేసి, దాని బదులు తెగుళ్ళ ఫారం కుట్టేశారు. అన్ని కాపీల్లోనూ!

"మరి మీరు చూసుకోలేదా అమ్మా?" అన్నాను, తప్పు ఆవిడ మీదికి నెట్టే దారి దొరికిందని.

"ఆ పేజీలు తెరవలేకపోయానండి. మా అమ్మాయి పోయిన సంగతి అందులోనే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. అది రాయడానికే నాకు మూడేళ్ళు పట్టింది. మా ఊళ్ళో యలమందయ్య అని, మిరప చేను వేస్తాడు, అతనొక్కడే వచ్చి అడిగాడు. 'అక్కాయ్, జొరమొచ్చిన పిల్ల ఏమైంది? మధ్యలో ఈ పురుగుమందుల గోలేంది?' అని. వేళాకోళమాడుతున్నాడని కసిరాను. ఆదివారం మీ రివ్యూ చూశాక తెరిచాను."

చూశారా! ఆవిష్కరణ సభలో ఐదుగురు వక్తలు గంటన్నర పొగిడినా బయటపడని తప్పు, నేను చదవకుండా రాయబట్టి బయటపడింది! ఆ మాటే ఆవిడతో అందామనుకున్నాను. కుర్చీ ఆవిడ దగ్గరికి జరిపాను.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. సంచిలోంచి చేతిరాత కాగితాలు తీసి నా ముందు పెట్టారు. "ఆ ఫారాలు పొట్లాలకి పోయాయట. ఇక మిగిలింది ఇదే. ఒక్కసారి చదవండి. రివ్యూ ఏమీ రాయొద్దు."

ఆవిడ ఎదురుగా కూర్చునుండగా చదివాను. జ్వరంలో ఉన్న పిల్ల పెరటి తలుపు గడియ తీయమ్మా, జామచెట్టు చూస్తాను అంటుంది. చలిగాలి తగులుతుందని తల్లి తీయదు. తెల్లారేసరికి పిల్ల లేదు. నవలకి ఆ పేరెందుకు పెట్టారో నాకప్పుడు తెలిసింది. నేను కింద పెట్టిన కాగితం పెట్టినట్టే సుబ్బలక్ష్మి తీసుకుని చదివింది. వెంకాయమ్మ గారికి ఏదో ఒకటి చెప్పాలని, ఇన్నేళ్ళుగా నేను వాడుతున్న మాటలన్నీ వెతుక్కున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

వెంకాయమ్మ గారు వెళ్ళాక సుబ్బలక్ష్మి మేడెక్కి, ఆ నాలుగు పుస్తకాలూ దులిపి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "చీర మీద ఇటుకలు పెట్టానండీ" అంది, అంతే.

ఇదీ నా మార్చి నెల. సమీక్షించినవి ఇరవై ఎనిమిది పుస్తకాలు. చదివింది పాతిక కాగితాలు. అవి ఏ పుస్తకంలోనూ లేవు.