హ్యాండిల్‌కి ఒకటే కొలత

ఒక పెద్ద అడవిలో నీళ్లు తక్కువ, నియమాలు ఎక్కువ. వేసవికి అక్కడ మిగిలేది ఒక్క మడుగు. ముందు తాగినవాళ్లకి నీళ్లు, తరవాత వచ్చినవాళ్లకి బురద. ఎవరు ముందు తాగాలో తేల్చడానికి ఏటా సైకిల్ పందెం పెట్టేవారు. గెలిచిన జాతిదే ఆ వేసవి.

కిందటేడు కుందేలు గెలిచింది. రెండోది ఎలుగుబంటి. అది వేసవంతా బురద తాగి, పందెం కమిటీకి మాత్రం తేనె పంపింది.

కమిటీ అధ్యక్షుడు ఏనుగు. సాంకేతిక కార్యదర్శి నక్క. ఆలోచించేది నక్క, తల ఊపేది ఏనుగు.

"అయ్యా, కుందేలు హ్యాండిల్ జానెడే," అంది నక్క. "కురచ హ్యాండిల్‌తో పోయేవాళ్లకి ఎదురుగాలి తక్కువ. ఇది సాంకేతిక మోసం."

"నా భుజాలే జానెడు కదయ్యా!" అంది కుందేలు. "మరి ఎలుగన్న సైకిల్ ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాన్నేమంటారు?"

"దాన్ని పురోగతి అంటారు తల్లీ."

హ్యాండిళ్లన్నీ ఒకే వెడల్పు ఉండాలని నక్క ప్రతిపాదించింది. సమానత్వం అన్న మాట చెవిన పడగానే ఏనుగు తల ఊపింది. నక్క టేపు తీసి కమిటీ గదిలోనే ఎలుగుబంటి భుజాలు కొలిచింది. భద్రత కోసమని ఇంకో బెత్తెడు కలిపింది. ఏదైనా గదిలోనే కొలవడం ఆ కమిటీ ఆచారం. బయట ఎండ మరి.

"అయితే ఈసారి మా పిల్లలకి బురదేనా?" అంది కుందేలు.

"నియమం నీ ఒక్కదానికేనా? అందరికీ!" అంది నక్క.

పందెం మొదలైంది. కుందేలు హ్యాండిల్ నడిమిన పట్టుకుంటే బ్రేకులు అందవు. ఒక బ్రేకు పట్టుకుంటే రెండో కొస అందదు. వంకర్లు పోతూ అందరికంటే వెనకబడింది.

దారిలో కొండ దిగువన రెండు బండల మధ్య ఇరుకు సందు ఉంది. ఎలుగుబంటి ఈల వేసుకుంటూ దూసుకొచ్చింది. హ్యాండిల్ రెండు బండలకీ తగిలి గడియలా బిగుసుకుపోయింది. మిగతా సైకిల్ పురోగతి కదా, అప్పడంలా విరిగింది. ఎలుగుబంటి ఎగిరి అవతల ముళ్లపొదలో పడింది. వెనకొచ్చిన అడవిపంది, దుప్పీ అక్కడే ఆగిపోయాయి.

"ఆ హ్యాండిల్ లాగెయ్యండ్రా!" అని ఎలుగుబంటి పొదలోంచి అరిచింది.

"లాగితే మాత్రం? మా హ్యాండిళ్లూ నీ భుజాల కొలతే కదా మావా!" అంది పంది. "మేమెలా దూరతాం?"

కుందేలు నిదానంగా వచ్చింది. దిగింది. మర వదులు చేసి హ్యాండిల్‌ని చక్రం వారగా తిప్పింది. ఎంత వెడల్పుండాలో నియమంలో ఉంది గాని, ఎటు తిరిగి ఉండాలో లేదు. పెద్ద సైకిళ్లు పట్టని చోట, బిగుసుకున్న హ్యాండిల్ కింద నుంచి తన పొట్టి సైకిల్‌ని ఈడ్చుకుపోయింది. అవతల హ్యాండిల్ సరిచేసుకుని, ఎక్కి, మళ్లీ వంకర్లు పోతూనే గెలిచింది.

ఆ వేసవి కుందేలు పిల్లలు తేట నీళ్లు తాగాయి. కమిటీ అత్యవసరంగా సమావేశమై, తప్పు నియమానిది కాదని తేల్చి, కొండకి నోటీసు ఇచ్చింది.

"ఆ సందు సంగతి నీకు తెలియదుటయ్యా?" ముళ్లు పీక్కుంటూ అడిగింది ఎలుగుబంటి.

"నేను సాంకేతిక కార్యదర్శిని ఎలుగన్నా," అంది నక్క. "అడవిలో తిరగడం నా పని కాదు."

నీతి: అన్యాయం చెయ్యదలచినవాడు ముందుగా దారి కొలుచుకోవాలి.