డాక్టరు గడి

"నెల తిరిగేలోగా, ఫోన్లో ఎవరు ఆసుపత్రి అని వెతికినా మన ఆసుపత్రే ముందు రావాలి. ఉత్త పేరు కాదు, నక్షత్రాలతో రావాలి!" అని ఆరోగ్య మంత్రిగారు మా వరండాలో నిలబడి ప్రకటించారు. డాక్టరు లేక పద్నాలుగు నెలలైందని ఒక ముసలాయన ఏదో అనబోయాడు గానీ, చప్పట్లలో వినిపించలేదు. నేనిక్కడ కట్లు కట్టే ఉద్యోగిని. అంతటి దూరదృష్టిని అంత దగ్గర్నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

మర్నాడే సూపరింటెండెంటు గారు కంప్యూటర్ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకున్నారు. మంత్రిగారు చెప్పినట్టు ముందు రావాలంటే స్ట్రక్చర్డ్ డేటా అనేది కావాలట. వెబ్‌సైటు వెనక గడులుంటాయి. పేరు, వేళలు, డాక్టరు, ఇలా దేనికది నింపితే, సెర్చ్ ఇంజన్ చదువుకుని మనల్ని ముస్తాబు చేసి జనానికి చూపిస్తుంది.

"సార్, డాక్టరు గడి ఖాళీగా ఉంటే ఎర్ర గీత వస్తోందండీ."

"ఎరుపు మంత్రిగారికి గిట్టదు. ఎవరి పేరో ఒకటి కొట్టు."

"ఎవరిదండీ?"

ఆయన కిటికీలోంచి చూశారు. గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ కునికిపాట్లు పడుతున్నాడు.

సాయంత్రానికి గీత పచ్చబడింది. డాక్టరు ఉన్నారు. ఇరవై నాలుగు గంటలూ ఉన్నారు. ఐదు నక్షత్రాలు కూడా వచ్చాయి. ఆ గడీ మేమే నింపాం.

వారం తిరక్కుండానే వరండా కిటకిటలాడింది. ఒకావిడ ఫోన్లో చూసిన పేరు అడుక్కుంటూ వచ్చి, ఒళ్ళు కాలిపోతున్న పసిపిల్లను బాబాయ్ చేతుల్లో పెట్టింది. "చూడండి డాక్టరుగారూ, మూడు రోజుల్నుంచి తగ్గట్లేదు."

బాబాయ్ పిల్లను నాకిచ్చేసి సూపరింటెండెంటు గదిలోకి పరిగెత్తాడు. "అయ్యా, నాకు గేటు తియ్యడం, ముయ్యడం తప్ప ఏం రాదు. ఆ పసిదానికేమన్నా అయితే?"

"ఎవర్ని లోపలికి పంపాలో, ఎవర్ని బయటికి పంపాలో తెలుసుగా? వైద్యమంటే అంతేనయ్యా!"

నేను తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. అంతకుమించి నాకు మాత్రం ఏం తెలుసు? అప్పుడొచ్చింది, చేతిలో సంచీతో ఒకమ్మాయి. "డాక్టర్నండీ. నన్నిక్కడికి వేశారు" అని కాగితం చాపింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సూపరింటెండెంటు గారు కాగితం చూడలేదు, ఫోన్ చూశారు. "ఇక్కడ ఖాళీ లేదమ్మా. డాక్టరున్నారు."

"ఎక్కడున్నారండీ?"

"సెర్చ్‌లో. ఇప్పుడు మారిస్తే మంత్రిగారి మాట తప్పినట్టవుతుంది. వెళ్ళిరండి."

ఆ డాక్టరమ్మ పిల్ల నుదురు తాకి చూసి, నా ఒళ్ళోంచి ఎత్తుకుని, తల్లిని వెంటబెట్టుకుని నేరుగా ఎదురుగా ఉన్న బస్టాపుకి వెళ్ళి, బెంచీ మీద సంచీ తెరిచింది. అది చూసి వరండాలో జనం ఒక్కొక్కరే లేచి అటు నడిచారు. చివర్న బాబాయ్ కూడా వెళ్ళాడు, మోకాలి నొప్పని. కాసేపటికి పిల్ల గుక్కపట్టి ఏడవడం ఇక్కడిదాకా వినిపించింది. ఏడ్చే ఓపిక వచ్చిందన్నమాట.

ఖాళీ అయిన వరండాను చూసి, సూపరింటెండెంటు గారు కంప్యూటర్ అమ్మాయిని పిలిచారు.

"రోగులు ఎంతసేపు ఆగాలో చెప్పే గడి ఏదైనా ఉందా?"

"ఉందండీ."

"సున్నా నిమిషాలని కొట్టు."