విడాకుల జోకు

ఆ ఆదివారం సాయంత్రం పుదుచ్చేరి బీచి దగ్గరి కాఫీ హోటల్లో అయిదు నిమిషాలు స్టాండప్ కామెడీ చెయ్యాలని ఆర్తి పేరు ఇచ్చింది. చేసేది విద్యుత్ శాఖలో గుమాస్తా ఉద్యోగమైనా, నలుగురినీ నవ్వించాలన్న కోరిక ఆమెకు చిన్నప్పటినుంచీ ఉంది. జనం నవ్వకపోతే పరువు పోతుందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అదే భయంతో, ఫోన్‌లో చూసిన ఎవరిదో విడాకుల జోకును ఉన్నదున్నట్టు బట్టీపట్టింది.

పొద్దున్నే వంటింటి తలుపు వేసుకుని, "ఇరవై ఏళ్ళు భరించాను, ఇక వకీలు దగ్గరే తేల్చుకుంటా" అని తమిళంలో గట్టిగా అభ్యాసం చేసింది. ఆ మాటలు బయట అత్త పొన్నమ్మాళ్ చెవిన పడ్డాయి. పెళ్ళయి మూడేళ్ళేనన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే కోడలు తమిళంలో అరుస్తోందంటే వ్యవహారం వీధికెక్కినట్టేననుకుని, కొడుకు గురుకు ఫోన్ చేసింది.

కురుచికుప్పంలో చేపలు కొనడానికి వెళ్ళిన గురు, మల్లెపూలూ హల్వా పట్టుకుని తిరిగొచ్చాడు. మొన్న సాంబారుకు వంక పెట్టినందుకు క్షమించమన్నాడు. ఏదో పెద్ద తప్పే చేసి ఉంటాడని ఆర్తి అతన్ని అనుమానంగా చూసింది. ఆ చూపుకు అతను హడలిపోయి, ఏంబలం ఊళ్ళో ఉన్న ఆర్తి తండ్రి గోవిందస్వామికి కబురు పెట్టాడు. ఆయన ఇద్దరు పెద్దమనుషులను వ్యాన్‌లో ఎక్కించుకొచ్చి వీధి చివర కాపుకాశాడు. సాయంత్రం ఆర్తి స్కూటర్ తియ్యగానే, అత్తనూ మొగుణ్ణీ కూడా ఎక్కించుకుని వ్యాన్ ఆమె వెనకాలే బయల్దేరింది.

హోటల్లో ఆర్తికంటే ముందు మైకు పట్టుకున్న చంద్రన్ అదే విడాకుల జోకును అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. జనం పడి పడి నవ్వారు. తన పేరు పిలిచేసరికి ఆర్తి దగ్గర చెప్పడానికి ఒక్క ముక్క మిగల్లేదు. అయినా వెళ్ళి మైకు ముందు నిలబడింది. అప్పుడే గుమ్మంలో నాన్న, పెద్దమనుషులు, అత్త, మల్లెపూలతో మొగుడు కనబడ్డారు.

"యాడమ్మా ఆ వకీలు?" అంది పొన్నమ్మాళ్, హాలంతా వెతికి చూస్తూ.

"సంతకం మాత్రం పెట్టబాకమ్మా" అన్నాడు గోవిందస్వామి.

పొద్దుటినుంచీ జరిగిందేమిటో ఆర్తికి అర్థమైంది. జోకు ఎత్తుకొచ్చిన సంగతి మొదలుకొని మల్లెపూలదాకా దాచకుండా మైకులోనే చెప్పేసింది. ముందు ఒకరిద్దరు, తర్వాత హాలంతా నవ్వారు. పొన్నమ్మాళ్‌కు లెక్క అప్పుడు తట్టింది.

"మూడేండ్లే నీకు ఇరవైగా తోస్తే, నలభై ఏండ్లు కాపరం జేసిన నేను యాడికి పోవాల?"

ఆర్తి ఆ మాటను తమిళంలో చెప్పగానే చప్పట్లు మోగిపోయాయి. హోటలు నడిపే దీపా వచ్చే ఆదివారం అత్తాకోడళ్ళిద్దర్నీ రమ్మంది. సొంత మాటకు జనం నవ్వితే ఎంత బాగుంటుందో ఆర్తికి ఆరోజే తెలిసింది.

ఆ వారంలోనే, పెళ్ళికాని చంద్రన్ ఇంకో హోటల్లో తన అత్తగారి గురించి చెప్పి బాగా నవ్వించాడట.