హంతకుడు మొదటి పేజీలోనే

ఆ శనివారం ఉదయం మధుసూదనరావు ఒక గట్టి నిర్ణయంతో నిద్ర లేచాడు. రాత్రి పడుకునేదాకా ఇంట్లో ఏ వస్తువునూ బాగుచెయ్యకూడదు. కిందటి వారం ఆయన వంటింటి కుళాయి బాగుచేస్తే, కింది అంతస్తు చైనా ముసలావిడ గొడుగు వేసుకుని పైకి వచ్చింది. ఆ రోజే లీలావతి భర్తచేత ఒట్టు వేయించుకుంది. సింగపూరు చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసులో, ఇతరులు చేసిన లెక్కల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. సెలవు రోజున ఒక్క తప్పూ దొరక్కపోతే ఆయనకు చేతులు దురద పెడతాయి.

పాసిర్ రిస్‌లో వాళ్ళ ఫ్లాటులో ఒక గది కమీల్ అనే ఫ్రెంచి అమ్మాయికి అద్దెకిచ్చారు. ఆమె జపాను వాళ్ళ మాంగా పద్ధతిలో బొమ్మల కథలు వేస్తుంది. పారిస్ ప్రచురణకర్తలు ఆమె బొమ్మలు చూసి "మరీ జపాను వాసన" అన్నారు. టోక్యో వాళ్ళు "మరీ ఫ్రెంచి వాసన" అన్నారు. ఏ వాసనా పట్టించుకోని ఊరు కావాలని సింగపూరు వచ్చి, ఒక బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పుతోంది. ఆ ఉద్యోగం ఈ నెలతో సరి. ఆ శనివారం ఎక్స్‌పో హాల్లో జరిగే పుస్తకాల సంతకు టోక్యో నుంచి తనాబే అనే సంపాదకుడు వస్తున్నాడు. ఆమె కథ చూస్తానన్నాడు. నచ్చితే పత్రికలో ధారావాహిక. నచ్చకపోతే ఆమె ఫ్రాన్సుకు వెళ్ళి వాళ్ళ బాబాయి చెప్పుల కొట్లో కూర్చోవాలి.

కమీల్ తన డిటెక్టివ్ కథను ఇంగ్లీషులో అచ్చు తీయించి, పిన్నులు కొట్టించి, భోజనాల బల్ల మీద పెట్టి తలస్నానానికి వెళ్ళింది. మధుసూదనరావు దాన్ని బాగుచెయ్యాలని అనుకోలేదు. ఊరికే తెరిచాడు.

"లీలా, ఇటు రా ఒకసారి."

"ఏంటండీ?"

"ఇది చూడు. మొదటి పేజీలోనే మీసాలాయన 'అవును, నేనే చంపాను' అని ఒప్పేసుకున్నాడు. సంకెళ్ళు కూడా వేసేశారు. చివరి పేజీలో పనిమనిషి శవాన్ని చూసి 'అయ్యో, ఎవరు చంపారు?' అని అరుస్తోంది."

"మరి అంతసేపూ ఆవిడ ఎక్కడికెళ్ళిందట?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. షాపువాడు పేజీలు తిరగేసి పిన్ను కొట్టాడు. పాపం, ఈ పిల్ల చూసుకోలేదు."

లీలావతికి ఒట్టు గుర్తుంది. కానీ కమీల్ అంటే ఆమెకు ప్రాణం. "ఆ అమ్మాయికి చెప్పండి మరి."

"తలస్నానం చేసే మనిషిని తలుపు కొట్టి కంగారు పెట్టమంటావా?"

లీలావతి స్నానాలగది తలుపు వైపు చూసింది. "పోనీ, ఇదొక్కటీ చెయ్యండి. కుళాయి కాదుగా."

ఆయన పిన్నులు పీకి, కాగితాలు తిరగేసి, కింది షాపుకు పరుగెత్తి, ఎడమ పక్కన నల్లటి స్పైరల్ వేయించి, కవరులో పెట్టేశాడు. కమీల్ హడావిడిగా వచ్చి కవరు అందుకుంది.

"అంకుల్, గుడ్ లక్ చెప్పండి."

"నీకు లక్కుతో పనిలేదమ్మా. అంతా సర్దేశాను."

ఆమెకు అర్థం కాలేదు. అయినా నవ్వి వెళ్ళిపోయింది.

అప్పుడు లేచింది వాళ్ళమ్మాయి నిఖిల. హైస్కూలు పిల్ల, గది నిండా మాంగా పుస్తకాలే, మాట చివర సింగపూరు వాళ్ళ 'లా'. ఉప్మా తింటూ తండ్రి ఘనకార్యం సగం విని చెంచా వదిలేసింది.

"నాన్నా! మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి లా! మన బ్యాక్ సైడే వాళ్ళకి ఫ్రంట్! యూ కిల్డ్ హర్ స్టోరీ!"

"నేనేం చంపలేదే..."

"ఎవరు చంపారో ఇప్పుడు ఫస్ట్ పేజ్‌లోనే తెలిసిపోతుంది!"

ఫోను చేస్తే అది కమీల్ గదిలో ఛార్జింగులో మోగింది. ముగ్గురూ టాక్సీ ఎక్కారు. మధుసూదనరావు చేతిలో స్టేప్లర్. లీలావతి చేతిలో ఉప్మా డబ్బా.

"అదెందుకమ్మా?"

"కోపంగా ఉన్న మనిషి నోట్లో ముందు ఏదైనా పెట్టాలే. తర్వాతే మాట్లాడాలి."

ఎక్స్‌పో గుమ్మం దగ్గర కాపలాదారు వాళ్ళను ఆపి టికెట్లు అడిగాడు. మధుసూదనరావు స్టేప్లర్ ఊపుతూ, "లోపల హంతకుడున్నాడు! వెంటనే చివరికి పంపాలి!" అని ఇంగ్లీషులో అరిచి లోపలికి దూరాడు. ఉదయం నుంచి టికెట్లు చూసి చూసి విసిగిపోయిన కాపలాదారుకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో ఇద్దర్ని పిలుచుకుని వెంటపడ్డాడు.

తనాబే అప్పుడే పుస్తకం మూశాడు. ఎదురుగా కమీల్ పాలిపోయి కూర్చుంది.

"హంతకుడు మొదటి పేజీలోనే దొరికాడు," అంటున్నాడు తనాబే మర్యాదగా. "తర్వాత అందరూ అతన్ని ఎందుకు వెతికారో నాకు తెలియలేదు."

"సార్! తప్పు నాది!" అంటూ మధుసూదనరావు పుస్తకం లాక్కున్నాడు. "రెండు నిమిషాలివ్వండి!"

స్పైరల్ ఒక్క గుంజు గుంజాడు. అది పాములా ఎగిరి తనాబే కళ్ళజోడు పట్టుకుపోయింది. పేజీలు గాల్లోకి లేచాయి. కాపలాదారు ఒక పేజీ మీద కాలు వేశాడు.

"అంకుల్, శవం మీద నిలబడ్డారు!" అని అరిచింది నిఖిల.

కాపలాదారు గెంతాడు. మిగతా ఇద్దరూ శవం కోసం బల్లల కింద వెతకసాగారు. మధుసూదనరావు దొరికిన కాగితాలన్నీ పోగేసి టకటకా పిన్నులు కొట్టాడు. లేవబోతే చెయ్యి రాలేదు. చొక్కా చేతిని చివరి పేజీకి కలిపి కుట్టేసుకున్నాడు. లీలావతి ఈ గోలలోనే తనాబే ముందు డబ్బా మూత తీసింది.

"తిను బాబూ. కారం తక్కువే వేశాను."

తనాబేకు తెలుగు రాదు. ఆవిడ చూపు అర్థమై తిన్నాడు.

"వీళ్ళెవరు?" అని కమీల్‌ను అడిగాడు.

"మా ఇంటివాళ్ళు."

"రోజూ ఇలాగేనా?"

"రోజూ కాదు," అంది కమీల్ నీరసంగా. "మంగళవారం మాత్రం నా కుంచె వెంట్రుకలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని అంకుల్ కత్తెరతో సమం చేశారు."

తనాబేకు ఉప్మా పొలమారింది. దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. మధుసూదనరావు సాయం చెయ్యడానికి వీపు మీద చరిచాడు. చేతికున్న పుస్తకం కూడా చరిచింది.

ఊపిరి తిరిగాక తనాబే అన్నాడు. "డిటెక్టివ్ కథలు నా బల్ల మీద గుట్టగా ఉన్నాయి. మీ కథ సరైన వైపు నుంచి చదివినా హంతకుడు ఆ మీసాలాయనేనని తెలిసిపోతుంది. అది వదిలెయ్యండి. ఈ ఇంటివాళ్ళ కథ వేసి పంపండి."

కమీల్ ఏడుస్తూ మధుసూదనరావును కౌగిలించుకుంది. ఎందుకో ఆయనకు తెలియలేదు గానీ, తన మరమ్మతు ఫలించిందని మాత్రం నమ్మాడు.

కొన్ని నెలలకు టోక్యో పత్రిక ఇంటికి వచ్చింది. కమీల్ కొత్త ధారావాహికలో ఒక ఆక్టోపస్ ఇంటి యజమాని. ఎనిమిది చేతులతో, పాడవని వస్తువులన్నీ వెతికి మరీ బాగుచేస్తుంటాడు. మధుసూదనరావు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"ఇలాంటి మనిషితో వేగడం కష్టం లీలా! ఎవర్ని చూసి వేసిందంటావ్?"

లీలావతి చిక్కుడుకాయల మీంచి తల ఎత్తలేదు.

"ఎవరో ఫ్రెంచాయనట లెండి."