అత్తగారి ఆపుకార్డు

ఆ ఆదివారం పొద్దున శ్రీనివాసరాజు వేసుకున్న ప్లాను సాదాసీదాది. భార్యకు ఒక అబద్ధం చెప్పాలి, భీమవరంలోనే ఉన్న ఫంక్షన్ హాలుకు వెళ్ళి పోటీ గెలవాలి, చీకటి పడేలోగా ఇంటికి రావాలి. రొయ్యల మేత వ్యాపారంలో తల పండినవాడికి అబద్ధం పెద్ద పని కాదు. ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ మొదలుపెట్టాడు.

"తాడేపల్లిగూడెంలో ఫీడు కంపెనీ మీటింగు. భోజనం కూడా అక్కడే," అన్నాడు.

"అలాగేనండి. నేను పాలకొల్లు వెళ్ళి అమ్మని కళ్ళ డాక్టరుకి చూపిస్తాను. కారు నాకు వదిలెయ్యండి," అంది హైమ.

ఇంత తేలిగ్గా పనైపోతుందని అతను అనుకోలేదు. మనసు మార్చుకుంటుందేమోనని వెంటనే బైకెక్కేశాడు.

దాచడానికి కారణం ఉంది. అత్తవారి కుటుంబంలో ముక్కలు పట్టుకున్నవాడెవడైనా పేకాటరాయుడే. హైమ తండ్రి హనుమంతరాజుగారు బతికున్నన్నాళ్ళూ పేక ముక్కను గడప తొక్కనివ్వలేదు. అల్లుడు ఆడేది పేకాట కాదనీ, మేడ మీద అద్దెకున్న ఇంజనీరింగు విద్యార్థులు నేర్పిన 'కోటపోరు' అనే ఆట అనీ చెప్పినా ఎవరు నమ్ముతారు? పైగా అతనికి దాని మీద పిచ్చి పట్టింది. జిల్లా పోటీ గెలిచినవాళ్ళని విజయవాడ రాష్ట్ర పోటీలకు పంపుతారు. బిల్లు పుస్తకం మీద తప్ప ఎక్కడా అచ్చుకాని తన పేరు, రొయ్యలతో సంబంధం లేని దేనికైనా ఒక్కసారి నలుగురి నోటా వినపడాలని అతని కోరిక.

ఎదుటివాళ్ళ కోటలన్నీ ముందు కూల్చినవాళ్ళు గెలిచినట్టు. ఆటలో కిటుకంతా అదనులోనే ఉంది. ఒకరు కార్డు వేయగానే దాని దెబ్బ తగలదు. బల్ల మీది చిన్న ఇసుక గడియారం తిప్పుతారు. ఇసుక జారిపోయేలోగా ఎదుటివాళ్ళు "ఆగండి" అని పైకి అని, దాని మీద ఆపుకార్డు పెట్టవచ్చు. ఆ ఆపుకార్డు మీద మొదటివాడు ఇంకో ఆపుకార్డు పెట్టవచ్చు. చివర పడ్డదే ముందు పనిచేస్తుంది. "సరే" అని ఒప్పుకున్నారా, ఇక అంతే, దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. చెరువు గట్ల మీద బేరాలాడి నోరు ఎప్పుడు మూసుకోవాలో బాగా తెలిసిన శ్రీనివాసరాజుకు ఈ ఆట అచ్చివచ్చింది. మధ్యాహ్నానికల్లా ఎదురొచ్చిన కుర్రకారునందరినీ ఓడించి ఫైనలుకు చేరాడు.

ఫైనల్లో తన ఎదుట ఆడేది పాలకొల్లు నుంచి వచ్చిన సుభద్ర అని మైకులో చెప్పారు. ఏ కాలేజీ పిల్లో అనుకుని, పాపం మరీ చిత్తుగా ఓడించకూడదని కూడా అనుకున్నాడు. అంతలో జనం పక్కకు తప్పుకున్నారు. ముందు కార్డుల పెట్టె పట్టుకుని హైమ వచ్చింది. ఆమె వెనకే కొంగు తల మీదికి లాక్కుంటూ అత్తగారు సుభద్రమ్మ వచ్చారు.

శ్రీనివాసరాజు కుర్చీలోంచి లేచాడు. హైమ చేతిలో పెట్టె జారి కిందపడింది.

"కళ్ళ డాక్టరు ఇక్కడ చూస్తున్నాడా?" అన్నాడు.

"తాడేపల్లిగూడెం ఇక్కడికి వచ్చిందాండి?" అంది హైమ.

సుభద్రమ్మగారు మాత్రం గబుక్కున వెళ్ళి స్తంభం చాటున నిలబడ్డారు. ఆ ఇంటి పద్ధతి అలాంటిది. అత్తగారు అల్లుడికి ఎదురుపడరు, నేరుగా మాట్లాడరు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ తలుపు వెనక నుంచి "ఇంకో గారె వేసుకోమనవే" అనడం, హైమ "ఇంకో గారె వేసుకోండి" అనడం, అతను హైమతో "చాలు" అనడం, అయినా విస్తట్లో గారె పడటం, ఇదే జరుగుతోంది.

ఆట నడిపే అంపైరు రెబెక్కా, కాలేజీలో లెక్చరరు. ఆమెకు ఇదేమీ తెలియదు. "కూర్చోండి సార్," అంది.

"ఆవిడ నిలబడుంటే నేనెలా కూర్చుంటానండి?"

"అల్లుడుగారు నిలబడుంటే నేనెలా కూర్చుంటాను, కూర్చోమనవే," అని స్తంభం వెనక నుంచి వినిపించింది.

చివరకు సుభద్రమ్మగారి కుర్చీని పక్కకు తిప్పి, ఆవిడ మొహం గోడవైపు ఉండేలా వేశారు. మధ్యలో హైమ నిలబడింది. కబురు కూతురి ద్వారానైనా సరే, ఇసుక జారేలోగా అవతలివాళ్ళ చెవిన పడితే చెల్లుతుందని రెబెక్కా తీర్పు చెప్పింది. అసలు గొడవ అక్కడే మొదలైంది.

శ్రీనివాసరాజు మొదటి కార్డు వేశాడు.

"ఆగమనవే," అన్నారు సుభద్రమ్మగారు.

"ఆగమంటోంది," అంది హైమ. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "నాతో అబద్ధాలు చెప్పడం కూడా ఇక ఆగమంటోంది."

"నేను అలా అనలేదే," అన్నారు సుభద్రమ్మగారు కంగారుగా.

రెబెక్కా తల పట్టుకుంది. "మేడం, మీరు కార్డు పెట్టాలి. ఇసుక అయిపోయింది."

అత్తగారి కోట ఒకటి కూలింది. తర్వాతి కార్డుకు హైమ, పోయిన నెల మీటింగు కూడా ఇలాంటిదేనా అని అడిగింది. ఇంకో కోట పోయింది. ఆ తర్వాత అతనికీ కోపం వచ్చి, "మరి నువ్వు చేసిందేంటి?" అని వెనక్కి తిరిగాడు. ఆ సందులో అతని ఇసుకా జారిపోయింది, అతని కోటలూ పడ్డాయి. హాల్లో జనం సగం అల్లుడి వైపు, సగం అత్తగారి వైపు చేరి తీర్పులు చెప్పసాగారు. చూస్తుండగానే ఇద్దరికీ ఒక్కో కోట మిగిలింది.

అప్పుడు శ్రీనివాసరాజు తన పెద్ద కార్డు 'ఉప్పెన' బల్ల మీద పెట్టాడు. ఆపకపోతే అవతలి కోట కొట్టుకుపోతుంది. ఆవిడ 'అద్దం' పెడితే ఉప్పెన తిరిగి తన మీదికే వస్తుంది. కానీ ఆ అద్దాన్ని కప్పేసే 'మబ్బు' తన చేతిలో సిద్ధంగా ఉంది. విజయవాడ కళ్ళ ముందు కనిపించింది.

"ఏమే, ఆగమను," అన్నారు సుభద్రమ్మగారు.

"మీ ఇద్దరి మధ్యా నేనెందుకమ్మా? మీరూ మీరూ చూసుకోండి," అని హైమ విసురుగా మంచినీళ్ళకు వెళ్ళిపోయింది.

ఇసుక సన్నగా జారుతోంది. సుభద్రమ్మగారు కుర్చీలో మెల్లగా ఇటు తిరిగారు. కొంగు సర్దుకుని, అల్లుడి మొహంలోకి సూటిగా చూశారు.

"ఆగండి బాబూ," అన్నారు. బల్ల మీద అద్దం పెట్టారు.

అత్తగారు తనతో మాట్లాడారు. తలుపు చాటు నుంచి కాదు, హైమతో చెప్పించడం కాదు, తనతోనే. శ్రీనివాసరాజు దిగ్గున లేచి నిలబడ్డాడు. చేతిలో ముక్కలు బోర్లా పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"సరేనండి అత్తయ్యగారూ," అన్నాడు.

"ఒప్పుకున్నారు," అంది రెబెక్కా. "అద్దం చెల్లింది."

అతని ఉప్పెనలో అతని కోటే కొట్టుకుపోయింది. చప్పట్లు మోగుతుంటే, బోర్లా పడున్న ముక్కల్ని తిప్పి మబ్బును చూసుకుని శ్రీనివాసరాజు నుదురు కొట్టుకున్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

సుభద్రమ్మగారు లేచి, కార్డులు పెట్టెలో సర్దుకుంటూ తగ్గుస్వరంతో అన్నారు. "మీ దగ్గర మబ్బుందని నాకు తెలుసు బాబూ. పొద్దుటి నుంచి నా ఆట అయిపోయినప్పుడల్లా, హైమకి కూడా చెప్పకుండా, మీ ఆట వెనక నుంచి చూశాను. దాన్ని మీరు చివరిదాకా దాస్తారు."

"మరి తెలిసీ అద్దం ఎలా పెట్టారండి?"

"మీతో మాట్లాడితే మీరు ఇంకేమీ చెయ్యలేరని కూడా తెలుసు. ఈసారి ఆగమనగానే మంచినీళ్ళకి వెళ్ళిపొమ్మని హైమ చెవిలో ముందే చెప్పింది నేనే."

అతను హైమ కోసం అటు తిరిగాడు. దూరంగా గ్లాసు పట్టుకుని నిలబడ్డ హైమ చూపు తిప్పేసుకుంది.

ఆ రోజు తర్వాత సుభద్రమ్మగారు మళ్ళీ అల్లుడితో నేరుగా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మాటని వచ్చే ఏడాది పోటీకి దాచుకుంటున్నారని హైమ ద్వారా తెలిసింది.