ఏజెంటుగారి కెఫీన్ ఉపన్యాసం

ఆ ఉదయం ఇన్సూరెన్స్ ఏజెంటుగారి పథకం సిద్ధంగా ఉంది. కూతురి స్కూల్లో తల్లిదండ్రుల సంఘం ఎన్నిక. ముందు ‘పిల్లలూ, కెఫీనూ’ అని ఒక ఉపన్యాసం దంచాలి, ఆ వెంటనే అధ్యక్షుడైపోవాలి. ఆ కుర్చీ మీద ఆశతో ఆయన ఏళ్ల తరబడి కనిపించిన ప్రతి తండ్రికీ దండం పెడుతున్నాడు. అద్దం ముందు ఉపన్యాసం వల్లిస్తూ అప్పటికే రెండు కప్పుల కాఫీ లాగించాడు. కెఫీన్ పెద్దవాళ్లనేమీ చేయదని ఆయనగారి సిద్ధాంతం.

అంతలో టెన్త్ చదివే కూతురి సంచీలో మూడు ఎనర్జీ డ్రింక్ డబ్బాలు కంటబడ్డాయి.

"ఇంట్లో నువ్విలా తాగుతుంటే నేను ఊరందరికీ నీతులు చెప్పనా?"

"అవి నావి కావు నాన్నా. ఇవాళ పిల్లలకి చూపించడానికి సైన్స్ టీచర్..."

"అబద్ధాలొద్దు. ఎలా వణుకుతున్నావో చూడు."

"నువ్వే నా భుజాలు పట్టుకుని ఊపుతున్నావు."

డబ్బాలు ఇంట్లో ఉంచితే పిల్ల తాగేస్తుంది. పారబోద్దామంటే డబ్బు పోసి కొన్నవాటిని పారబోయడానికి ఆయనకు చేతులు రావు. కాబట్టి మూడూ తానే గటగటా తాగేశాడు.

"ఏమండీ, ముందే రెండు కాఫీలు తాగారు," అంది భార్య.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

స్కూలు హాలు నిండిపోయింది. "కెఫీన్ తాగిన పిల్లల చేతులు వణుకుతాయి," అన్నాడాయన. మైకు గడగడలాడింది. "ఒకచోట నిలబడరు," అంటూ వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులాంటి నడక నడిచాడు. "గుండె దడదడలాడుతుంది, నోటికి అడ్డూ అదుపూ ఉండదు, రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు క్లాసులో తూగుతారు," అని ఒక్క గుక్కలో చెప్పి, గుండె పట్టుకున్నాడు. ఇదంతా పిల్లల మీద ప్రేమే అనుకున్నాడు మహానుభావుడు. జనమేమో ఆయన నటించి చూపిస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ దక్కినట్టే.

సైన్స్ టీచర్ లేచింది. "బ్రహ్మాండంగా చేసి చూపించారు. ఏమ్మా, నిన్న నీకిచ్చిన డబ్బాలు తెచ్చావా? అవీ చూపిద్దాం."

కూతురు లేచి నిలబడింది. "వచ్చాయి మేడమ్. మూడూ మా నాన్న కడుపులో ఉన్నాయి."

హాలంతా గొల్లుమంది. ఏజెంటుగారు సంజాయిషీ మొదలుపెట్టాడు గానీ, మాటలు ఒకదాన్నొకటి తోసుకుని వచ్చి ఒక్కటీ అర్థం కాలేదు. భార్య వేదికెక్కి మైకు అందుకుంది.

"పిల్లలకి ఇవి వద్దండీ. మనం మానితే వాళ్లూ మానతారు. అంతే," అని ఆయన్ని చెయ్యి పట్టి కిందికి దించింది.

ఇంత చిన్న ఉపన్యాసం ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ విని ఉండరు. ఎవరో వెంటనే అధ్యక్ష పదవికి ఆవిడ పేరు ప్రతిపాదించారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. అందరి చేతులూ లేచాయి, ఏజెంటుగారిది కూడా.

తనది వణుకు వల్ల లేచిందని ఆయన ఇప్పటికీ వాదిస్తూంటాడు.